సార్ బిగించిన మూత

మే నెల మధ్యాహ్నం ఫ్యాన్ ఆపమనే మనిషిని ఎవరైనా ఇష్టపడతారా? నేనైతే మొదటి వారమంతా ఆయన్ని మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను. గోదావరి ఒడ్డున మా చిన్న దవాఖానా, దాని వెనక ఒక రేకుల గది. ఆ గదిలో నేను లాబ్ టెక్నీషియన్‌ని. ఉన్న ఒక్క సుఖం ఆ ఫ్యాను. హైదరాబాద్ నుంచి దిగిన ఈ పెద్దమనిషి మెడలో తువ్వాలు, చంకలో అట్టపెట్టెతో గడప దాటీ దాటకముందే, "ముందు ఆ ఫ్యాన్ ఆపమ్మా" అన్నారు.

"ఎందుకు సార్?"

"గాలికి ఎగురుద్ది."

"ఏందెగిరేది?"

"కనపడనిది."

అంతే సమాధానం. ఆ తర్వాత కిటికీలు కూడా మూయించారు. రేకుల కింద, మూసిన గదిలో, ఇద్దరమూ చెమటతో తడిసి ముద్దయ్యాం. నాకు ఒళ్ళు మండిపోయింది. "సార్, మా నాయిన కొత్తగూడెంల బొగ్గుబాయిల పనిచేసిండు. ఆడ గూడ లోపటికి గాలి పంపుతరు" అన్నాను. ఆయన నవ్వలేదు. తువ్వాలుతో మెడ తుడుచుకుని, "అక్కడ మనుషులు బతకాలి కదమ్మా. ఇక్కడ పరీక్ష బతకాలి" అన్నారు. అంత మొండిమనిషిని నేనెక్కడా చూడలేదు.

మొన్న ఆయన పోయారని ఫోన్ వచ్చింది. వచ్చినప్పుడల్లా ఆయన్ని జీపులో తిప్పిన డ్రైవర్ చేశాడు. "సార్ పోయిండు మేడమ్. నిద్రలనే పోయిండంట." ఫోన్ పెట్టేశాక లేచి వెళ్ళి ఫ్యాన్ ఆపాను. కిటికీలు మూశాను. చెమటలు కారుతుంటే ఆ ఉక్కలో కూర్చుని ఏడ్చాను.

ఆయన చేసే పని ఏమిటంటే, ఎంజైములను వేడికి ఓర్చుకునేటట్టు తయారు చేయడం. డెంగీ వైరస్ అనే కనపడని పురుగు లోపల ఆర్ఎన్ఏ అని ఒకటి ఉంటుంది. నెత్తుటి చుక్కలో అది ఉందో లేదో చెప్పాలంటే రెండు ఎంజైములు కావాలి. ఒకటి దానికి నకలు తీస్తుంది, రెండోది ఆ నకలును కోట్లుగా పెంచుతుంది. మామూలు ఎంజైములకు మంచుగడ్డ కావాలి. మంచు కరిగిందా, మా అడవి ఊళ్ళకు చేరేలోపే అవి చచ్చి ఊరుకుంటాయి. ఈ సంగతి నాకు ఆయన చెప్పిన తీరు ఇంకా చెవిలోనే ఉంది.

"కోడిగుడ్డు సొన వేడికి గడ్డకడితే మళ్ళీ నీరవుద్దా? ఎంజైమూ అంతేనమ్మా. మేం చేసిందల్లా, నులకమంచం కుంగిపోతే నులక బిగిస్తాం చూడు, అట్లా వదులున్న చోట్ల దాన్ని బిగించాం. ఇప్పుడు వేడినీళ్ళలో కూర్చోబెట్టినా కుంగదు. ఎండలో పెట్టె మోసుకుపోయినా చావదు."

పరీక్ష చూడ్డానికి పిల్లలాట లాగే ఉండేది. చిటికెన వేలంత గొట్టాలు, వాటికి తిప్పే మూతలు. అడుగున ఎంజైముల పొడి. నమూనా కలిపితే గులాబీ రంగు. మూత బిగించి వేడినీళ్ళ ఫ్లాస్కులో వేసేవాళ్ళం. అన్నం వండుకుని తినేలోపు తేలిపోయేది. పురుగు ఉంటే పసుపు, లేకపోతే గులాబీ. ప్రతిసారీ మూడు గొట్టాలు పెట్టేవారు. ఒకటి జ్వరం మనిషిది, ఒకటి తన నెత్తురు, ఒకటి ఉత్త నీళ్ళది. "నీళ్ళే మన సాక్షి. నీళ్ళు పసుపైతే మనం అబద్ధం ఆడుతున్నట్టు. మొత్తం పారేయాలి" అనేవారు.

ఇక మూత గురించి చెప్పాలి. పసుపైన గొట్టంలో ఆ నకళ్ళు కోట్లకొద్దీ ఉంటాయి. మూత తీస్తే లేచి బట్టల మీదా బల్ల మీదా వాలతాయి. ఆ తర్వాత పెట్టే ప్రతి గొట్టమూ, నీళ్ళతో సహా, పసుపే అవుతుంది. "మా కల్లూరు దగ్గర మిరపకళ్ళంలో ఒక్క బస్తా దులిపితే బజారు బజారంతా తుమ్మేది. ఇదీ అంతే, కాకపోతే దీనికి తుమ్ము రాదు, అదే ప్రమాదం" అనేవారు. అందుకే కలిపే పనికి తెల్ల చొక్కా, రంగు చూసే పనికి నీలం చొక్కా. పసుపైన గొట్టం మూత మాత్రం బతికుండగా తీసేది లేదు.

ఆ భయం ఆయన చేతుల్లోకి దిగిపోయింది. ఎక్కడ మూత కనిపించినా బిగించేవారు. భోజనాల దగ్గర మామిడికాయ పచ్చడి సీసా, జీపు డీజిలు ట్యాంకు మూత, నా నీళ్ళ సీసా, నర్సమ్మ కొబ్బరినూనె డబ్బా, ఏదీ వదిలేవారు కాదు. మాటల్లో ఉంటూనే చెయ్యి చాపి, ఒక తిప్పు తిప్పి, మళ్ళీ ఇంకో తిప్పు. తర్వాత అది ఎవరికీ వచ్చేది కాదు. గొంతెండి చస్తుంటే నేను నా సీసానే కొంగుతో పట్టుకుని పీకలేక ఆయన దగ్గరికే తీసుకుపోయేదాన్ని. "సార్ బిగించిన మూత తియ్యాల్నంటె మళ్ళ సారే రావాలె" అని డ్రైవర్ ఎగతాళి చేసేవాడు. ఆయన ఉడుక్కోకుండా, ఎంతో శ్రద్ధగా మూత తీసిచ్చి, నేను తాగాక మళ్ళీ బిగించి ఇచ్చేవారు.

మనిషి కూడా మూత పెట్టినట్టే ఉండేవారు. ఇల్లూ వాకిలీ గురించి అడిగితే జవాబుండదు. నవ్వుండదు. ఆ మనిషి నవ్వడం నేను చూసింది ఒక్కసారి.

అది గోదావరి బాగా పొంగిన ఏడు. దుమ్ముగూడెం అవతల, వాగు దాటి అడవిలోకి ఉన్న గూడెంలో జ్వరాలని తెలిసి బయలుదేరాం. జీపు ఇవతలే ఆపి, నీళ్ళు పారుతున్న కల్వర్టు మీద నడిచి వాగు దాటుతుంటే ఆయన బట్టల సంచి నీళ్ళపాలైంది. మేం చేరామో లేదో వాన. గోదావరి వెనక్కి తన్నడంతో వాగు ఉబ్బి కల్వర్టు పూర్తిగా మునిగిపోయింది. ఫోన్లు పోయాయి, కరెంటు పోయింది. మూడు పక్కలా ఎర్రనీళ్ళు, నాలుగో పక్క జారిపోతున్న గుట్ట. మిట్ట మీద బడి, చుట్టూ ఇళ్ళు, అంతే మిగిలిన ప్రపంచం. పొద్దున లేస్తే నీళ్ళు, పడుకోబోయే ముందు నీళ్ళు. ఎటు చూసినా దారి లేకపోతే మనిషికి ఊపిరి ఎట్లా బిగుసుకుపోతుందో నాకు అక్కడే తెలిసింది. ఆయన మాత్రం బడి గదిలో కిటికీలు మూయించి పెట్టె విప్పారు. ఆ జలఖైదులో ఇంకో ఖైదు!

మొదటి పరీక్ష బడి పక్కింటి అవ్వ మనవరాలిది. పిల్ల గొట్టం పసుపు, సార్‌ది గులాబీ, నీళ్ళు గులాబీ. డెంగీయే. పిల్ల గట్టిది, నీళ్ళు తాగిస్తూ కనిపెట్టుకుని ఉంటే తేరుకుంది. కానీ అవ్వ వచ్చి బడి మెట్ల మీద కూర్చుంది. ఇంట్లో తమ భాష మాట్లాడుకున్నా మాతో తెలుగులోనే మాట్లాడేది.

"తీసిన నెత్తురు ఏడ పెట్టిన్రు?"

"ఇదిగో, గొట్టంలోనే ఉందమ్మా" అన్నారు సార్.

"నాకియ్యి. మనిషి ఒంట్లకెల్లి తీసింది పుట్టిన ఊరి మట్టిలనే కలవాలె. నెత్తురు ఊరు దాటితె మనిషి గూడ దాని ఎనకనే పోతది."

అది గూడెం ఆచారమో, ఆవిడ సొంత పట్టుదలో నాకు ఇప్పటికీ తెలియదు. సార్ చేతులు జోడించి మూత తీయకూడదన్నారు. అవ్వ లేవలేదు. తిండి తినకుండా మెట్ల మీదే కూర్చుంది. ఆయన లోపలికీ బయటికీ తిరిగారు. వానలో తడుస్తున్న ఆ ముసలి మనిషిని దాటుకుని వెళ్ళిన ప్రతిసారీ ఆయన మొహం ఇంకాస్త చిన్నబోయేది. మూడోనాడు పొద్దున చివరికి గొట్టం తీసుకుని, "రామ్మా" అని మిట్ట చివరిదాకా నడిచారు. గాలి నీళ్ళవైపు వీచేటట్టు చూసుకుని నిలబడి, మూత తీసి, మట్టిలో పోశారు. అవ్వ అరచేత్తో మన్ను కప్పింది. ఆయన బూడిదతో చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నారు.

"మరి నీ నెత్తురేది?" అంది అవ్వ.

ఆయన జేబులోంచి తన గులాబీ గొట్టం తీసి చూపించారు. "నాది కల్లూరు దగ్గరమ్మా. ఇక్కడ పోస్తే మా ఊరు ఒప్పుకోదు."

"అయితె నా కాడ పెట్టు. పొయ్యేటప్పుడు తీస్కపో."

అలవాటుగా మూత ఇంకో తిప్పు బిగించి ఆవిడ చేతిలో పెట్టి, నవ్వారు. పళ్ళన్నీ కనబడేటట్టు, చిన్నపిల్లాడిలాగా. ఆ నవ్వు చూసి నాకూ నవ్వొచ్చింది. అవ్వ దాన్ని గుడ్డలో చుట్టి ఇంటికప్పు వాసాల సందులో దోపుకుంది.

ఆ సాయంత్రమే అవ్వ చిన్నకోడలికి జ్వరం ముదిరింది. నెలలు నిండిన మనిషి. మలేరియా చూసే పట్టీలు తడిసి ఉబ్బిపోయాయి. మలేరియా అయితే మందు మా దగ్గర ఉంది, అక్కడే ఉంచి చూసుకోవచ్చు. డెంగీ అయితే, కాన్పులో నెత్తురు ఆగకపోతే, మా చేతుల్లో ఏమీ లేదు. భద్రాచలం పెద్ద దవాఖానాకు చేర్చాల్సిందే. చేర్చాలంటే ఆ వాగు మీద నాటుపడవే దిక్కు. పడవ ఆమె మొగుడిదే.

"వాగు చూస్తున్నవ్ గద మేడమ్" అన్నాడు అతను. "దుంగలు కొట్టుకొస్తున్నయ్. గీ కడుపుతోని ఎక్కియ్యాల్నా? డెంగే అని పక్కా చెప్పు, ఎక్కిస్త. తెల్వకుంట మాత్రం ఎక్కియ్య."

అతను అన్నదాంట్లో తప్పేముంది? సార్ పరీక్ష పెట్టారు. ఆమె గొట్టం పసుపైంది. సార్‌దీ పసుపైంది. నీళ్ళూ పసుపైనాయి.

ఆయన ఆ నీళ్ళ గొట్టాన్ని పట్టుకుని అట్లాగే నిలబడిపోయారు. ఇంకో ప్యాకెట్ చింపి మళ్ళీ పెట్టారు. మళ్ళీ నీళ్ళు పసుపే. మెల్లగా తలవంచి తన చొక్కా చూసుకున్నారు. సంచి పోయాక మిగిలిన ఒకే ఒక చొక్కా. అదే వేసుకుని మూత తీశారు, అదే వేసుకుని గదిలో కలిపారు. చేతులు కడుక్కున్న మనిషికి చొక్కా గుర్తు రాలేదు.

"నేనేనమ్మా" అన్నారు. "నేనే మోసుకొచ్చాను."

నాకు కోపం ఆగలేదు. "ఫ్యాన్ ఆపిచ్చి, కిటికీలు మూపిచ్చి ఇన్ని దినాలు మమ్ముల సంపితివి గద సార్! ఆఖరికి నువ్వే తీస్తివా? ఇప్పుడు ఆ పిల్లకేం చెప్పాలె?" అని అరిచాను. ఆయన బయటికి వెళ్ళి వానలో నిలబడ్డారు. లోపల ఆ అమ్మాయి మూలుగు, బయట వాగు హోరు. మాకు ఇక ప్యాకెట్ ఒక్కటే మిగిలింది. పెట్టడానికి చోటు లేదు. ఆ చొక్కాతోనే జ్వరాలు చూడ్డానికి ఆయన గూడెంలో తిరగని ఇల్లు లేదు, గుట్టవైపున్న చివరి ఇల్లు తప్ప. అదేమో మనుషులు మసలడానికే చాలని ఒంటిగది.

తెల్లారాక ఆయన దూరం నుంచే నన్ను పిలిచారు. దగ్గరికి వెళ్ళబోతే, "రావద్దు, అక్కడే ఉండు!" అని కసిరారు. తర్వాత వాగువైపు చెయ్యి చూపించారు.

"పడవ. దాన్ని నేను ముట్టుకోలేదు. నీళ్ళ మీదే ఉంది. నువ్వు చెయ్యి."

"నేనా?"

"నువ్వే. నేను పనికిరాను."

వాగు నీళ్ళలోనే తలారా స్నానం చేశాను. అవ్వ పెట్టెలో అడుగున ఉన్న చీర తీసి ఇచ్చింది, కట్టుకున్నాను. చివరి ఇంటి నుంచి కుండల్లో వేడినీళ్ళు తెచ్చారు. సార్ చేతులు తగిలిన ప్యాకెట్ పైకవరు అవ్వ చింపింది, లోపలిది మాత్రం నేను తీసుకున్నాను. పడవను మోకుతో చెట్టుకు కట్టి, ఒడ్డుకు కాస్త ఎడంగా నిలిపారు. అందులో నేను, ఆ అమ్మాయి, ఆమె మొగుడు. సార్ నెత్తురుకు బదులు నా వేలే పొడుచుకున్నాను. మూడు గొట్టాలు బిగించి, ప్యాకెట్‌లోనే ఉన్న వేడి చూపే పట్టీతో పాటు కుండలో వేశాను. ఒడ్డు మీద దూరంగా ఆయన గొంతు చించుకుని చెబుతున్నారు.

"వేడి తగ్గితే వేడినీళ్ళు పోయించు! చేత్తో చూడకు, పట్టీ చూడు!"

"వేడి నిలుస్తలేదు సార్, పడవ ఊగుతున్నది!"

"అటూ ఇటూ అయినా అది ఓర్చుకుంటుంది. అందుకే దాన్ని బిగించింది. నువ్వు కంగారుపడకు!"

కంగారుపడకుండా ఎట్లా ఉంటాను? మంచు మొహం చూడకుండా రేకుల కింద అన్నాళ్ళు పడున్న పొడి. ఊగే పడవ, చల్లారే కుండ, పక్కన పొట్ట పట్టుకుని వణికే ఆడపిల్ల. ఎటూ పోలేం, ఏమీ చేయలేం, చూస్తూ కూర్చోవడమే. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "చస్తనా అక్కా?" అని అడిగింది. "నోరుముయ్, గట్ల అనకు" అని కసిరి కుండలోకి చూశాను.

గొట్టాలు తీశాను. ఒడ్డు నుంచి ఆయన మొదట అడిగింది ఆ అమ్మాయి సంగతి కాదు.

"నీళ్ళు? నీళ్ళు ఏమైనాయి?"

"గులాబి సార్! నీళ్ళు మంచిగున్నయ్! నాది గూడ గులాబే!"

"ఆ అమ్మాయిది?"

గొట్టం ఎత్తి చూపించాను. పసుపు. మొగుడు ఇంకో మాట అడగలేదు, మోకు విప్పాడు. అవ్వ మోకాటి లోతు నీళ్ళలోకి దిగి, "దాని నెత్తురు ఇచ్చిపోండ్రి!" అని కేకపెట్టింది. వెనక నుంచి ఆయన అంతకంటే పెద్ద కేక. "మూత తీయకు!"

గొట్టం మూతతోనే అవ్వ చేతిలో పెట్టాను. "దాచు అవ్వా. నీ కోడలు తిరిగొచ్చినంక మూతతోనే పాతిపెట్టు." ఆవిడ గొణుక్కుంటూనే కొంగున ముడేసుకుంది.

ఆ వాగు ఎట్లా దాటామో ఇప్పటికీ నాకు సరిగా చెప్పడం రాదు. అవతల ట్రాక్టరు దొరికింది. భద్రాచలం చేర్చాం. కాన్పులో అనుకున్నట్టే నెత్తురు ఆగలేదు, కానీ అక్కడ ఎక్కించడానికి ఉంది. తల్లీ బిడ్డా బతికారు.

నీళ్ళు తీశాక ఆయన్ని తీసుకురావడానికి వెళ్తే ఒంటి మీద తువ్వాలు తప్ప ఏమీ లేదు. చొక్కా పొయ్యిలో వేసేశారట. జీపు దుమ్ముగూడెం దాటాక, "ఎంజైముకు వేడి ఓర్చుకోవడం నేర్పానమ్మా. ఒక ముసలమ్మ మెట్ల మీద కూర్చుంటే నేను ఓర్చుకోలేకపోయాను" అన్నారు. నా సీసా తీసి ఆయన చేతికిచ్చాను. తాగి, మూత బిగించి ఇచ్చారు. ఆ తర్వాత కూడా ఆయన ప్రతి వానాకాలం వచ్చారు. ఆయన జీపు చప్పుడు వినగానే నేనే లేచి ఫ్యాన్ ఆపేదాన్ని. మళ్ళీ ఆ నవ్వు మాత్రం కనబడలేదు.

ఆ ఫోన్ తర్వాతి ఆదివారం గూడెం వెళ్ళాను. చిన్నకోడలు వాకిట్లో తునికాకు కట్టలు కడుతోంది. బిడ్డ వాటిని విప్పి పారేస్తూ తల్లితో తిట్లు తింటోంది. మంచంలో ఉన్న అవ్వకు సంగతి చెప్పాను. ఆమె కోడలితో వాసాల సందులోని గుడ్డమూట తీయించింది. అందులో చిటికెన వేలంత గొట్టం. గులాబీ వెలిసి, అడుగున కాసింత మిగిలింది.

"మరిచిపోయి పోయిండు. వచ్చినప్పుడల్ల చెప్పి పంపిన. ఈసారి తీస్కపోత అనేటోడు. గిట్ల అయిపాయె." కళ్ళు తుడుచుకుని గొట్టం నా చేతిలో పెట్టింది. "కల్లూరు అన్నడు గద. నువ్వు పో బిడ్డా. మట్టిల పోసి రా."

కల్లూరు వెళ్ళాను. ఆయన తమ్ముడు చేను చూపించి పక్కకు తప్పుకున్నారు. మిరప పీకేసిన బోడి చేను, వడగాలి. ఆ గాలి చూసి ముందు ఎటు వీస్తుందా అని చూసుకున్నాను, ఆయన అలవాటు నాకూ అంటుకుంది. గులాబీ గొట్టమే కదా, లోపల ఏదీ పెరగలేదు, తీస్తే ఎవరికీ నష్టం లేదు. గట్టు మీద కూర్చుని మూత తిప్పాను. రాలేదు. కొంగుతో పట్టుకుని తిప్పాను. రాలేదు. గోరు విరిగింది గానీ అది కదల్లేదు. "మళ్ళ సారే రావాలె" అన్న డ్రైవర్ మాట గుర్తొచ్చి, ఆ చేనిగట్టు మీద నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

మన్ను తవ్వి మూతతోనే పెట్టాను. అవ్వ అడిగితే ఏం చెప్పాలా అని బస్సులో దారంతా ఆలోచించాను. ఉన్నదే చెప్తాను. ఆయన ఒప్పుకోలే అవ్వా, అని చెప్తాను.